పాత కారు బేరము – పేరు మార్పు

2021లో చిప్పుల కొరతచే కొత్త కార్ల తయారీ మందగించినది. వేచియుండలేనివారు పాత బండ్లను ఆశ్రయింపగా వాటి ధరలు హెచ్చినవి. ఇట్టి గిరాకీలో తొందరపాటే అసలు నష్టమని మేము తలంచుచున్నాము.

కొనువారు ఇంజను, ఛాసిస్ నంబర్లను రిజిస్ట్రేషన్ పత్రముతో సరిచూడవలెను. బండిపై అప్పు తీరినదో లేదో విచారింపవలెను. మెకానిక్కుచే పరీక్షింపజేయవలెను.

సొమ్ము ముట్టినంతనే అమ్మినవారి బాధ్యత తీరదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ననుసరించి, బండి అదే రాష్ట్రమున రిజిస్టరైనదైనచో, అమ్మినవారు 14 దినములలో, కొన్నవారు 30 దినములలో రవాణా అధికారికి తెలుపవలెను. 29, 30 నంబరు ఫారములు ఇందుకొరకే కలవు. పేరు మారనిచో, ప్రమాదము జరిగిననాడు రిజిస్టరులో నున్నవారే యజమానులనియు, పరిహారమునకు వారే బాధ్యులనియు 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

పంచాయతీ సభ్యులారా! బేరమునకు సాక్షులై నిలుచునప్పుడు ధరతోపాటు పేరు మార్పును గూర్చియు అడుగుడు.