పట్టికలో నియమాలు, పట్టికపై హక్కులు: తరచూ అడిగే ప్రశ్నలు

శాఖా గ్రంథాలయంలో మూడు రిజిస్టర్లుంటాయి. సభ్యులది ఒకటి, పుస్తకాలది ఒకటి, ఎవరు ఏ పుస్తకం ఎప్పుడు పట్టుకెళ్లారో రాసేది ఒకటి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించే పనిలో దిగినవాళ్లకు వచ్చే అనుమానాలివి. గ్రంథాలయం బదులు హాస్టలో, సహకార సంఘమో అనుకున్నా జవాబులు పెద్దగా మారవు.

రిలేషనల్ డేటాబేస్ అంటే పట్టికల మధ్య సంబంధాలు ఉన్నదనే కదా?

అందరూ అనుకునేది అదే, కానీ కాదు. లెక్కల్లో సమితుల పాఠంలో సంబంధం అని చదువుకున్నాం, గుర్తుందా? ఆ సంబంధమే ఇది. ఒక్కో పట్టికే ఒక రిలేషన్. 1970లో ఐబీఎంలో పనిచేస్తున్న ఎడ్గార్ కాడ్ అనే ఇంగ్లండు గణితజ్ఞుడు ఈ ఆలోచనను డేటా నిల్వకు అన్వయించి వ్యాసం రాశారు. 1981లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు.

సమితి కాబట్టి వరుసలకు ముందూ వెనకా ఉండదు, ఒకే వరుస రెండుసార్లు ఉండకూడదు. 'పై పేజీలో మూడో పేరు' అనే రిజిస్టరు అలవాటు ఇక్కడ చెల్లదు. ఫలానా క్రమంలో కావాలంటే అడిగేటప్పుడే 'ఆర్డర్ బై' అని చెప్పాలి. రెండో నియమాన్ని మాత్రం డేటాబేస్‌తో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్ సడలించింది. ఒక్కో వరుసను విడిగా గుర్తించే ప్రైమరీ కీ పెట్టకపోతే జంట వరుసలు వచ్చి చేరినా ఊరుకుంటుంది.

ప్రైమరీ కీగా ఏది పెట్టాలి? పేరు సరిపోదా?

ఒక్క వీధిలో ఎంతమంది వెంకటేశ్వరరావులున్నారో లెక్కపెట్టి చూడండి. పైగా ఇంటిపేరు ఒకరు ముందు రాస్తారు, ఒకరు పొడి అక్షరంతో సరిపెడతారు, ఒకరు అసలు రాయరు. ఫోన్ నంబరంటారా, ఇంట్లో నలుగురికీ ఒకటే ఉండొచ్చు. ఆధార్ మనిషికొకటే, నిజమే. కానీ నవల అరువిచ్చేందుకు దాన్ని దాచుకుంటే, కాపాడుకోవాల్సిన బరువు మీ నెత్తిన పడుతుంది.

ఈ చిక్కుకు గ్రంథపాలకులు కంప్యూటర్లు రాకముందే మందు కనిపెట్టారు: అక్సెషన్ నంబరు. మహాప్రస్థానం ఒకే ముద్రణ ప్రతులు నాలుగుంటే ఐఎస్‌బీఎన్ ఒకటే, అక్సెషన్ నంబర్లు నాలుగు. చిరిగిపోయిన ప్రతిని తీసేసినా దాని నంబరు ఇంకో పుస్తకానికి ఇవ్వరు. ప్రైమరీ కీకి కావలసిన గుణాలు ఇవే. ఖాళీగా ఉండకూడదు, రెండోసారి రాకూడదు. మారకుండా ఉంటే మరీ మంచిది. సభ్యులకూ అలాగే ఒక సభ్యత్వ సంఖ్య ఇవ్వండి.

అరువు పట్టికలో సభ్యుడి పేరు, ఫోను మళ్లీ రాయాలా?

వద్దు. సభ్యత్వ సంఖ్య, అక్సెషన్ నంబరు, ఇచ్చిన తేదీ, తిరిగిచ్చిన తేదీ చాలు. ఆ సంఖ్య సభ్యుల పట్టికలో ఉన్నదై తీరాలన్న నియమమే ఫారిన్ కీ. లేని సభ్యుడికి పుస్తకం ఇచ్చినట్టు రాయబోతే డేటాబేస్ ఒప్పుకోదు.

రచయితలకూ ఇదే సూత్రం. ఒకచోట శ్రీశ్రీ, ఒకచోట శ్రీరంగం శ్రీనివాసరావు, ఇంకోచోట 'శ్రీ శ్రీ' అని మధ్యలో ఖాళీతో ఎక్కిస్తే మన దృష్టిలో ఒకే మనిషి, కంప్యూటరుకు ముగ్గురు. రచయితలకు వేరే పట్టిక పెట్టి, పుస్తకం దగ్గర రచయిత సంఖ్య మాత్రమే ఉంచితే, దిద్దుబాటు ఒక్కచోట చేస్తే సరిపోతుంది. ఒక సంగతిని ఒక్కచోటే రాయాలన్న ఈ కట్టుబాటుకు నార్మలైజేషన్ అని పెద్ద పేరు పెట్టారు.

సభ్యుణ్ని తొలగిస్తే అతని అరువు లెక్కలు ఏమవుతాయి?

మీరు ఏమీ చెప్పకపోతే సాధారణంగా తొలగింపే జరగదు, డేటాబేస్ అడ్డుపడుతుంది. 'కాస్కేడ్' అని రాశారా, సభ్యుడితో పాటు అతని లెక్కలన్నీ ఊడ్చుకుపోతాయి, ఇంకా తిరిగిరాని పుస్తకాల జాడతో సహా. లెక్కలతో పనున్నచోట కాస్కేడ్ పెట్టడం తెలివితక్కువని నా అభిప్రాయం.

ఖాళీ గడిని సున్నా అనుకోవచ్చా?

అనుకోకూడదు. నల్ అంటే సున్నా కాదు, ఖాళీ మాట కూడా కాదు. విలువ ఇక్కడ లేదు అని మాత్రమే. అందుకే నల్‌ను దేనితో పోల్చినా అవునూ రాదు, కాదూ రాదు. 'తెలియదు' అని వస్తుంది. నల్‌ను నల్‌తో పోల్చినా అంతే.

ఇందులో అనుభవజ్ఞులూ పడే గొయ్యి ఒకటుంది. 'ఊరు తెనాలి కానివాళ్ల జాబితా ఇవ్వు' అని అడిగితే, ఊరు గడి నల్‌గా ఉన్నవాళ్లు జాబితాలో రారు. తెనాలివాళ్ల జాబితాలోనూ ఉండరు. రెండు జాబితాలు కూడి సభ్యుల మొత్తంతో సరిచూస్తే లెక్క తేలక జుట్టు పీక్కుంటారు. 'ఈజ్ నల్' అని విడిగా అడగాలి. తప్పనిసరి కాలమ్‌లకు 'నాట్ నల్' ముందే పెట్టేస్తే సగం గొడవ తీరుతుంది.

'శ్రీశ్రీ' రెండక్షరాలే కదా, కాలమ్‌లో పట్టలేదేం?

మనకు రెండక్షరాలు. యూనికోడ్‌లో ఒక్క 'శ్రీ'కే శ, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిసి నాలుగు సంకేతాలు. పేరు మొత్తానికి 8. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు కనుక 24 బైట్లు. ఒరాకిల్‌లో కాలమ్ పొడవును మామూలుగా బైట్లలో లెక్కిస్తారు. 20 అని పెట్టిన కాలమ్‌లో మహాకవికి చోటు దొరకదు. తెలుగు పేర్లకు కాలమ్ కొలిచేటప్పుడు ఇంగ్లీషు అంచనాలు పక్కన పెట్టండి.

తప్పు నంబరు కొడితే స్క్రీనే ఆపుతోంది. పట్టికలోనూ నియమం ఎందుకు?

స్క్రీన్‌లో పెట్టిన నియమం ఆ స్క్రీన్ ద్వారా వచ్చేవాళ్లకే వర్తిస్తుంది. ఎక్సెల్ ఫైలును నేరుగా ఎక్కించే వ్యక్తికి, రేపు రాబోయే మొబైల్ యాప్‌కు దాని సంగతే తెలియదు. పట్టికలో రాసిన నియమానికి దొడ్డిదారి తక్కువ. తిరిగిచ్చిన తేదీ ఇచ్చిన తేదీ కంటే ముందు ఉండకూడదని 'చెక్' నియమం రాస్తే ఆపరేటరుకూ అధికారికీ అదే వర్తిస్తుంది.

రాశాక పనిచేస్తోందో లేదో పరీక్షించండి. మైఎస్‌క్యూఎల్ 8.0.16కు ముందు వెర్షన్లు చెక్ నియమాన్ని ఆమోదించినట్టే ఆమోదించి పట్టించుకునేవి కావు. ఎస్‌క్యూలైట్‌లో ఫారిన్ కీ అమలు మామూలుగా ఆపేసి ఉంటుంది, మనం ఆన్ చేయాలి.

ఎవరికి ఏ హక్కు ఇవ్వాలి?

చదవడం, చేర్చడం, మార్చడం, తొలగించడం: ఈ నాలుగూ వేర్వేరు హక్కులు. 'గ్రాంట్'తో ఇస్తారు, 'రివోక్'తో వెనక్కి తీసుకుంటారు. కౌంటరులో కూర్చునే ఆపరేటరు అరువు పట్టికలో చేర్చాలి, మార్చాలి. తొలగించే పని అతనికి లేదు. మనుషులు బదిలీ అవుతుంటారు కాబట్టి హక్కులు పేరుకు కాకుండా 'కౌంటరు' అనే రోల్‌కు ఇచ్చి, ఎవరు వస్తే వాళ్లను ఆ రోల్‌లో చేర్చండి.

'విత్ గ్రాంట్ ఆప్షన్' అని జోడిస్తే తీసుకున్నవాళ్లు ఇంకొకరికీ ఇవ్వగలరు. అలా చేతులు మారాక ఎవరి దగ్గర ఏముందో తెలుసుకోవడమే ఒక పని అవుతుంది. జోడించకండి.

పాఠకులు పుస్తకం ఉందో లేదో చూడాలి కానీ ఎవరి దగ్గరుందో తెలియకూడదు. అందుకు వ్యూ ఉంది. అది కిటికీ లాంటిది, కావలసిన కాలమ్‌లే అందులోంచి కనబడతాయి. హక్కు వ్యూ మీద ఇవ్వండి, అసలు పట్టిక మీద ఇవ్వకండి.

సభ్యుడు తన వివరాలు తీసేయమని అడగొచ్చా?

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 12వ సెక్షన్ దిద్దుబాటు, తొలగింపు హక్కుల గురించే. అయితే వరుస మొత్తం తీసేయబోతే ఫారిన్ కీ అడ్డొస్తుంది. పుస్తకాలన్నీ తిరిగిచ్చినవారైతే పేరు, ఫోను, చిరునామా గడుల్లోని వివరాలు చెరిపేసి, సభ్యత్వ సంఖ్యను మాత్రం ఉంచితే అరువు లెక్క చెడదు. పేరు కాలమ్‌కు 'నాట్ నల్' పెట్టి ఉంటే అక్కడ 'మాజీ సభ్యులు' అని రాయండి. పాత బ్యాకప్‌లలో ఆ వివరాలు ఇంకా ఉంటాయని మరవద్దు.

అన్నీ ఒకేసారి చేయలేం. దేనితో మొదలుపెట్టాలి?

సోమవారం ఆఫీసుకు వెళ్లగానే సభ్యుల పట్టిక మీద 'డిలీట్' హక్కు ఎవరెవరికి ఉందో జాబితా తీయండి. అందులో బదిలీ అయి వెళ్లిపోయినవాళ్ల పేర్లుంటే ఆ రోజే రివోక్ చేయండి.