నేల కింద నగరం

పాఠ్యాంశ ఉద్దేశం : నగరాల్లో ప్రజారవాణా ఎలా రూపుదిద్దుకొందో తెలుసుకోవడం, ఒక ప్రజాప్రయోజన నిర్మాణం వెనుకనున్న చర్చనూ, శ్రమనూ, త్యాగాన్నీ గుర్తించడం.

కావ్యారంభంలో నగరాన్ని వర్ణించడం మన ప్రబంధ కవులకు పరిపాటి. అష్టాదశ వర్ణనలలో నగర వర్ణన ఒకటి. ఆకాశాన్నంటే కోటలు, లోతైన అగడ్తలు, జనసమ్మర్దంతో నిండిన రాజవీథులు ఆ వర్ణనలలో కన్పిస్తాయి. ఆ వీథుల కింద ఏముందని అడిగితే పాతాళమనీ, నాగలోకమనీ పురాణాలు సమాధానం చెప్పాయి. నేల కింద కూడా నగరం ఉండవచ్చునని, దానిలో సామాన్యుడు ప్రతిదినం ప్రయాణించవచ్చునని ఊహించి నిరూపించినది ఆధునిక యుగం. అటువంటి నిర్మాణాలలో ప్రసిద్ధమైనది అమెరికాలోని బోస్టన్ నగర మధ్యంలో ఉన్న పార్క్ స్ట్రీట్ భూగర్భ స్టేషన్.

1630లో ఏర్పడిన బోస్టన్ ఇరుకు వీథుల పాత నగరం. దాని నడిబొడ్డున 'బోస్టన్ కామన్' అనే విశాలమైన ఉద్యానవనం ఉంది. 1634 నుండి అది ప్రజల ఉమ్మడి ఆస్తి. దాని ప్రక్కగా సాగే ట్రెమాంట్ వీథి నగరానికి ప్రధాన వ్యాపారకేంద్రం. పంతొమ్మిదో శతాబ్దిలో ఆ వీథిలో పట్టాల మీద గుర్రాలు లాగే ట్రాములు నడిచేవి. 1888లో ఫ్రాంక్ స్ప్రేగ్ అనే ఇంజనీరు రిచ్‌మండ్ నగరంలో విద్యుత్ ట్రాములను విజయవంతంగా నడిపి చూపాడు. మరుసటి సంవత్సరమే బోస్టన్ ఆ మార్గాన్ని అనుసరించింది. గుర్రాలు తగ్గాయి గాని రద్దీ తగ్గలేదు. ఒకదాని వెనుక ఒకటిగా ట్రాములు బారులు తీరి నిలిచిపోయేవి. ట్రాముల పైకప్పుల మీదుగా నడిచిపోతే త్వరగా గమ్యం చేరవచ్చునని జనం పరిహాసమాడేవారు.

వీథిని వెడల్పు చేయాలంటే ఇరువైపులా ఉన్న భవనాలను కూల్చాలి; లేదా ఉద్యానవనాన్ని కోయాలి. రెండూ ప్రజలకు సమ్మతం కాలేదు. మిగిలినది మూడో మార్గం, నేల కిందికి దిగడం. లండన్‌లో 1863 నాటికే భూగర్భ రైలు ఉంది. అయితే అది ఆవిరి యంత్రంతో నడిచినందున సొరంగం పొగతో నిండేది. విద్యుత్తు రావడంతో ఆ చిక్కు తొలగింది. అయినా వ్యతిరేకత తక్కువేమీ కాదు. తవ్వకాలు సాగినంత కాలం వ్యాపారం దెబ్బతింటుందని వర్తకులు ఆందోళన చెందారు. భూమి కిందికి దిగడమంటే సమాధిలోకి దిగడమేనని మరికొందరు భయపడ్డారు. చివరకు 1894లో ఈ విషయాన్ని ఓటర్ల ముందుంచారు. స్వల్ప ఆధిక్యంతో సొరంగానికి ఆమోదం లభించింది. నిర్మాణ బాధ్యతను బోస్టన్ ట్రాన్సిట్ కమిషన్‌కు అప్పగించారు. హోవార్డ్ కార్సన్ ప్రధాన ఇంజనీరు.

1895 మార్చి 28న పని ప్రారంభమైంది. ముందు పై నుండి కందకం తవ్వి, అడుగున నేలను చదును చేసి, కాంక్రీటు గోడలు లేపి, ఉక్కు దూలాలు పరచి, వాటి నడుమ ఇటుక కమానులు కట్టి, పైన మన్ను కప్పి మళ్లీ వీథిని పరిచారు. రద్దీగా ఉండే చోట్ల వీథి మొత్తాన్ని ఒకేసారి తవ్వక, ముక్కలు ముక్కలుగా తవ్వి, పైన పలకలు పరచి రాకపోకలకు వీలు కల్పించారు. ఈ విధానంలో సొరంగం ఎక్కువ లోతున ఉండదు. అందువల్లనే నేటికీ ఉద్యానవనం నుండి కొన్ని మెట్లు దిగితే చాలు, ట్రాము ఎక్కే వేదిక మీదికి చేరుకొంటాం.

త్రవ్వకంలో ఒక విషాదమయ ఘట్టం ఎదురైంది. ఉద్యానవనం అంచున పాత శ్మశానవాటిక ఉంది. సొరంగ మార్గంలో సుమారు తొమ్మిది వందల మంది అవశేషాలు బయటపడ్డాయి. వారిలో అధికులు పేరు తెలియని సామాన్యులు. నగరానికి పూర్వం మేయరుగా పనిచేసిన వైద్యుడు శామ్యూల్ గ్రీన్ పర్యవేక్షణలో ఆ అవశేషాలను సగౌరవంగా సేకరించి తిరిగి ఖననం చేశారు.

అంతకన్న ఘోరమైన సంఘటన 1897 మార్చి 4న జరిగింది. బాయిల్‌స్టన్, ట్రెమాంట్ వీథుల కూడలిలో పాత గ్యాసు గొట్టం నుండి వాయువు కారి, సొరంగం పైకప్పుకూ వీథి తలానికీ మధ్యనున్న ఖాళీలో పోగుపడింది. మధ్యాహ్నం కావస్తున్న వేళ అటుగా వచ్చిన ట్రాము చక్రం నుండి లేచిన నిప్పురవ్వ తగిలి అది పేలింది. పదిమంది మరణించారు, ఎందరో గాయపడ్డారు. గ్యాసు వాసన వస్తున్నదని జనం ముందే గమనించారు గాని, ఆ హెచ్చరికకు తగిన స్పందన లభించలేదు. మరణించిన వారి ఎముకలపట్ల చూపిన శ్రద్ధ జీవించి ఉన్నవారి ప్రాణాలపట్ల లోపించింది. ఏ మహా నిర్మాణమైనా ఈ సత్యాన్ని విస్మరించరాదు.

ఆర్నెల్లు తిరిగేసరికి, 1897 సెప్టెంబరు 1న ఉదయం ఆల్‌స్టన్ నుండి బయలుదేరిన ట్రాము కిక్కిరిసిన ప్రయాణికులతో సొరంగంలో ప్రవేశించి పార్క్ స్ట్రీట్ చేరింది. ఉత్తర అమెరికాలో ఇదే మొట్టమొదటి భూగర్భ నగర రైలు మార్గం. తొలినాడే లక్షమందికి పైగా ప్రయాణించారు. రుసుము ఐదు సెంట్లు. తెల్లని గోడలు, విద్యుద్దీపాల వెలుగు, పొగ లేని గాలి చూసి భయపడినవారే సంతోషించారు. ద్వారాల వద్ద నిర్మించిన రాతి మండపాలు మాత్రం సమాధుల వలె ఉన్నాయని కొందరు ఎద్దేవా చేశారు. ఆ మండపాల రూపశిల్పి ఎడ్మండ్ వీల్‌రైట్. 1898 సెప్టెంబరులో మార్గం ఉత్తర దిశకు విస్తరించింది. మొత్తం వ్యయం సుమారు నలభై రెండు లక్షల డాలర్లు. అది అనుకొన్న అంచనాకు లోపలే. మరొక విశేషం గమనించాలి. సొరంగాన్ని నగరమే తన సొమ్ముతో నిర్మించి, తన సొంతంగానే ఉంచుకొని, ట్రాము సంస్థకు కౌలుకిచ్చింది.

1912లో అదే స్టేషన్ కింద మరింత లోతున మరొక రైలు మార్గం ఏర్పడింది. 1964లో ఈ సొరంగాన్ని జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తించారు. 1965లో పై మార్గానికి 'గ్రీన్ లైన్' అని, కింది మార్గానికి 'రెడ్ లైన్' అని పేర్లు పెట్టారు. గ్రీన్ లైన్‌ను తేలికపాటి రైలు అంటారు. ఒకటి రెండు పెట్టెలతో, పైనున్న తీగ నుండి విద్యుత్తును గ్రహిస్తూ, నగర మధ్యంలో సొరంగంలోనూ, శివార్లలో వీథుల మీదా నడవడం దాని లక్షణం. దాని నాలుగు శాఖలకూ పార్క్ స్ట్రీట్ కూడలి. 1978లో లిలీ ఆన్ రోజెన్‌బర్గ్ అనే శిల్పి ఈ స్టేషన్ గోడపై రంగురంగుల కుడ్యచిత్రం రూపొందించింది. 'భూగర్భోత్సవం' అని దాని పేరుకు అర్థం చెప్పుకోవచ్చు. సమాధిని తలచి భయపడిన చోటనే ఉత్సవం వెలిసింది!

మన దేశంలో తొలి భూగర్భ రైలు 1984 అక్టోబరు 24న కలకత్తాలో ఎస్ప్లనేడ్, భవానీపూర్‌ల మధ్య నడిచింది. 2017 నవంబరులో ప్రారంభమైన హైదరాబాదు మెట్రో తొలి దశ స్తంభాలపై సాగుతుంది. నేలపైనా, నేల కిందా, స్తంభాలపైనా - మార్గమేదైనా ప్రశ్న ఒక్కటే. ఇరుకైన నగరంలో అందరిదీ అయిన స్థలాన్ని ఎవరికోసం, ఎవరి అనుమతితో, ఎంత జాగ్రత్తతో వాడుకొంటున్నాం? బోస్టన్ ప్రజలు ఉద్యానవనాన్ని కాపాడుకొన్నారు, ఓటుతో తీర్పు చెప్పారు, సొరంగాన్ని నగరం పేరనే నిలుపుకొన్నారు. పదిమంది ప్రాణాలను మాత్రం కాపాడుకోలేకపోయారు. నగరం నుండి పుట్టిన మాటే నాగరికత. మెట్లు దిగి రైలెక్కే ప్రతి పౌరుడూ ఆ మెట్ల వెనుకనున్న శ్రమనూ, మూల్యాన్నీ స్మరించడం నాగరికతకు గుర్తు.

అభ్యాసం

I. సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. భూమి కిందికి దిగడమంటే సమాధిలోకి దిగడమే.
2. సమాధిని తలచి భయపడిన చోటనే ఉత్సవం వెలిసింది!

II. వ్యాసరూప సమాధానం వ్రాయండి.
పార్క్ స్ట్రీట్ సొరంగ నిర్మాణంలో ఎదురైన చిక్కులను, వాటినుండి మనం గ్రహించవలసిన నీతిని వివరించండి.

III. సంగ్రహ సమాధానాలు వ్రాయండి.
1. ట్రెమాంట్ వీథిని వెడల్పు చేయక సొరంగం తవ్వడానికి కారణమేమి?
2. తేలికపాటి రైలు లక్షణాలేవి?
3. 1897 మార్చి 4న జరిగిన ప్రమాదానికి కారణమేమి?

IV. విడదీసి, సంధి పేరు తెల్పండి.
కావ్యారంభం, భూగర్భోత్సవం, విద్యుద్దీపాలు