చలికాలమందు ఇల్లు మారుట

పాఠ్యభాగములు: మత్తయి 24:15–20, అపొస్తలుల కార్యములు 27:37, 28:1–2, 2 తిమోతి 4:9–21



ఒక జనవరి ఆదివారమున ఆరాధన ముగిసిన పిమ్మట మన సంఘములోని ఒక తల్లి ఫోను చేతపట్టుకొని నా యొద్దకు వచ్చెను. ఆమె కుమారుడు కెనడా దేశమందలి విన్నిపెగ్ పట్టణములో చదువుచున్నాడు. అతడు అద్దెకున్న ఇంటిని యజమాని అమ్మివేసినందున నెలాఖరులోగా గది ఖాళీ చేయవలసి వచ్చినదట. “ఇంత మంచులో ఇల్లు మారేదేంది అయ్యగారూ? నాలుగు నెలలు ఆగమని మీరొక మాట చెప్పండి. మీ మాటయితే వింటాడు” అనెను. నేనును ఆలోచింపక ఫోను తీసికొని ఆ మాటే చెప్పితిని. అవతల కొంతసేపు మాట లేదు. తరువాత ఆ పిల్లవాడు, “ఆగేదానికి వీలుంటే ఆగేవాడినే గదా అయ్యగారూ” అనెను.

ఆ మాట నాతోకూడ ఇంటికి వచ్చినది. ఆ రాత్రి మత్తయి సువార్త 24వ అధ్యాయము తీసి చదివితిని. యూదయలోనివారు ఊరు విడిచి కొండలకు పారిపోవలసిన దినమును గూర్చి ప్రభువు అక్కడ చెప్పుచున్నాడు. మిద్దెమీద ఉన్నవాడు సామాను కొరకు దిగకూడదు, పొలములో ఉన్నవాడు పైబట్ట కొరకు వెనుకకు పోకూడదు. గర్భిణులను, పాలిచ్చు తల్లులను ఆయన తలంచెను. వెంటనే, ఆ పారిపోవుట చలికాలములో సంభవింపకుండునట్లు ప్రార్థించుడని చెప్పెను. గమనించుడి: చలికాలములో కదలవద్దని ఆయన ఆజ్ఞాపించలేదు. కదలు దినమును నిర్ణయించుట వారి చేతిలో లేదని ఆయనకు తెలియును. వారి చేతిలో ఉన్నది ప్రార్థన మాత్రమే.

పాలస్తీనాలో చలికాలమనగా మనలో అనేకులు మంచు కురియుట అనుకొందురు. యెరూషలేములో మంచు పడుట కలదు గాని అది కొన్ని యేండ్లలో కొన్ని దినములు మాత్రమే. అక్కడ చలికాలమనగా ముఖ్యముగా వానకాలము. వేసవిలో ఎండియుండు వాగులు అప్పుడు పొంగును, త్రోవలు బురదయగును. ఎజ్రా గ్రంథము 10వ అధ్యాయములో తొమ్మిదవ నెలను, అనగా మన డిసెంబరు ప్రాంతమున, జనులందరు మందిరపు వీధిలో కూర్చుండి గొప్ప వానచేత వణకుచుండిరని చదువుచున్నాము.

ఈ సంగతి హైదరాబాదువారికి వివరించి చెప్పవలసి యుండును గాని వాకాడువారికి అక్కరలేదు. తెలుగుదేశములో ఎక్కువ భాగమునకు వాన జూనులో నైరుతి గాలితో వచ్చును. మన తీరమునకు ఏటి వానలో సగముకంటె ఎక్కువ అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్యపు గాలితో వచ్చును. చలియు, వానయు, తుపానును మనకు ఒకే తలుపున ప్రవేశించును. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరము దాటిన తుపానును పెద్దలు మరువలేదు. 2015 నవంబరు వానలు, 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరము దాటుటకు ముందు మనలను తడిపిపోయిన మిచౌంగు తుపాను పిల్లలకు సహితము జ్ఞాపకమే. కాబట్టి ప్రభువు మాటలోని చలికాలము మనకు పరాయిది కాదు. మట్టిగోడ నాని కూలిన రాత్రి చాపయు, బియ్యపు డబ్బాయు, పసిబిడ్డయు ఎత్తుకొని స్వర్ణముఖి గట్టు వెంబడి నడచినవారికి అది బాగుగా తెలియును.

చలిలో ఇల్లు మారకూడదని మనుష్యులు తమకు చేతనైనంత ఏర్పాటు చేసికొనియే యున్నారు. మన పొరుగువారు పుష్యమాసమును శూన్యమాసమని ఎంచి అప్పుడు ఇల్లు మారరు. కెనడాలోని క్విబెక్ రాష్ట్రములో, పూర్వము ఫ్రెంచివారు ఏలిన కాలమున, మంచు కరుగకముందు రైతుకుటుంబములను భూమినుండి వెళ్లగొట్టకూడదని నియమముండెనని చెప్పుదురు. తరువాత అక్కడ అద్దె ఒప్పందములు మే 1న ముగియు ఆచారము ఏర్పడెను. పిల్లల బడి మధ్యలో చెడకుండునట్లు 1970లలో దానిని జూలై 1కి మార్చిరి. నేటికిని ఆ దినమున వీధివీధికి సామాను బండ్లే. ఇవన్నియు మంచి ఏర్పాటులే. అయితే ఏర్పాటు ఎవరిని కాపాడును? ఆగుటకు శక్తిగలవానిని. ఇల్లు అమ్ముడుపోయినవాడు, గోడ కూలినవాడు, భర్త పోయి అత్తింట చోటు లేనిది, వీరు పంచాంగము చూచి బయలుదేరరు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పవలసియున్నది. 2015 నవంబరులో నేను వేరొక గ్రామమున పరిచర్య చేయుచుంటిని. ఒక రాత్రి పది గంటల వేళ తలుపు తట్టిన శబ్దమాయెను. ఒక కుటుంబము వానలో నిలుచుండెను. నెల నిండని బిడ్డను తల్లి పైటకొంగుతో కప్పుకొనియుండెను. గోడ పడిపోయినది, సంఘపు హాలులో పడుకొందుమని అడిగిరి. నేను చేసినదేమి? “ఇంత రాత్రివేళనా?” అంటిని. హాలు తాళపుచెవి కమిటీ పెద్దయొద్ద ఉన్నదనియు, ఆయన అనుమతి కావలెననియు చెప్పితిని. సాయంత్రమే ఎందుకు రాలేదని అడిగితిని. గోడ సాయంత్రము పడలేదు గనుక రాలేదు. ఆ పాటి నాకు తోచలేదు. నేను ప్రశ్నలు వేయుచుండగా నా భార్య లోపలినుండి పొడి చీర తెచ్చి బిడ్డను చుట్టి, వారిని మా వంటింటిలోనికి పిలిచి, పొయ్యి రాజబెట్టెను. నా ప్రశ్నలకు ఎవరును జవాబు చెప్పలేదు, చెప్పవలసిన అవసరమును లేకపోయెను. ఆ బిడ్డ ఇప్పుడు బడికి పోవుచున్నది.

మెలితే ద్వీపవాసులు నాకంటె మేలైనవారు. ఓడ పగిలి రెండువందల డెబ్బదియారుగురు తడిసిన బట్టలతో ఒడ్డున పడిరి. వారిలో ఖైదీలుండిరి, సైనికులుండిరి. ఆ ద్వీపవాసులకు వీరి భాష రాదు, వీరెవరో తెలియదు. వర్షమును చలియు ఉన్నందున వారు మొట్టమొదట నిప్పు రాజబెట్టి అందరిని చేర్చుకొనిరని లూకా వ్రాసెను. పౌలు ఎవడో, హంతకుడో దేవతయో అని వారు తర్కించుకొన్నది ఆ తరువాతనే, ఆ మంట దగ్గరనే. మనము సాధారణముగా పాము సంగతి బోధించి, నిప్పు సంగతి ఒక్క మాటతో దాటిపోదుము. ఆ నిప్పు లేనిచో మిగిలిన కథ ఎట్లు నడిచియుండునో చదువరులు ఆలోచించవలెను.

ఇప్పుడు హిమదేశమున్న మన పిల్లల సంగతికి వత్తము. ఒకప్పుడు ఆ ప్రయాణము ఇటువైపునకు సాగెను. 1860లలో మైలియసు దొరగారును, ఆయన తరువాత ఇతరులును జర్మనీలోని హెర్మన్స్‌బర్గునుండి సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు, వాకాడు ప్రాంతములకు వచ్చిరి. మంచులో పెరిగినవారు మన ఎండలో కాపురము పెట్టిరి. ఈ ఎండలో ఎట్లు బ్రదుకవలెనో వారికి మన తాతలు నేర్పవలసి వచ్చెను. నేడు మన పిల్లలు ఎదురు త్రోవను పోవుచున్నారు. వారికి ఆ చలిని నేర్పువారు ఎవరు? తల్లిదండ్రులు ఫోనులో “స్వెటరు వేసుకో నాయనా” అని చెప్పుట చాలదు. నేను ఆ పిల్లవానిని, అక్కడ చాలకాలముగా ఉన్న మరికొందరిని అడిగి తెలిసికొన్నది వ్రాయుచున్నాను.

మన ఫ్రిజ్జులో ఐసు పెట్టె చలి సున్నకు దిగువ 18 డిగ్రీలు. విన్నిపెగ్‌లో జనవరి నెల సగటు చలి సుమారు 16 డిగ్రీలు దిగువ. కొన్ని రాత్రులు 30 డిగ్రీల దిగువకును పోవును. అనగా ఆ పట్టణమంతయు ఐసు పెట్టెలో ఉన్నట్లే. అట్టి చలికి గాలి తోడైనయెడల కప్పని ముక్కు, చెవులు, వ్రేళ్లు పది మొదలు ముప్పది నిమిషములలో గడ్డకట్టి చచ్చుబడును. సామాను మోయువారు చెమటపోసి కోటు విప్పుదురు, అది మోసము. తడిసిన బట్ట చలిని రెండింతలు చేయును. అందుచేత లోపలి బట్టలు, మేజోళ్లు మరొక జత దగ్గర ఉంచుకొనవలెను. డిసెంబరు, జనవరి మాసములలో అక్కడ సాయంకాలము నాలుగున్నర, అయిదు గంటలకే ప్రొద్దు క్రుంకును గనుక ప్రొద్దుననే పని మొదలుపెట్టవలెను. మెట్లమీది మంచును ముందుగా పారతో తీసి ఉప్పు చల్లుదురు. చలి మరీ ఎక్కువైనప్పుడు ఉప్పు పని చేయదు, అప్పుడు ఇసుక చల్లుదురు. ఉప్పు పండించు తీరమువారమైన మనకు ఇది వింతగా తోచును.

గాజుసీసాలలోని నీరు, పులుసువంటివి గడ్డకట్టి సీసాను పగులగొట్టును. ఏలయనగా నీరు గడ్డకట్టునప్పుడు ఇంచుమించు పదియవవంతు పెరుగును. ఖాళీ చేసిన ఇంటిలో వేడి యంత్రమును ఆర్పివేసిన యెడల గొట్టములు పగులుటకును కారణమిదే. వెళ్లిపోవుచున్నాము గదా, ఖర్చెందుకని ఆర్పినవాడు నష్టపరిహారము కట్టుకొనవలసి వచ్చును. టెలివిజను, కంప్యూటరు క్రొత్త ఇంటికి చేరగానే మీట నొక్కరాదు. చల్లని లోటాపైన నీటిబొట్లు పట్టునట్లు వాటి లోపల చెమ్మ పట్టును. కొన్ని గంటలు గదిలో ఊరక ఉంచవలెను. ఫోను చలిలో త్వరగా ప్రాణము విడుచును గనుక లోపలి జేబులో పెట్టుకొనవలెను. అమ్మ పంపిన కొబ్బరినూనె గడ్డకట్టినదని ఎవరును బెంగపడనక్కరలేదు. అది 24 డిగ్రీల దగ్గరనే గడ్డకట్టును.

ఒక్క సంగతి మాత్రము గట్టిగా చెప్పవలెను. వేడి యంత్రము చెడినదని బొగ్గుల కుంపటిగాని, బయట వాడు గ్యాసు పొయ్యిగాని మూసిన గదిలో వెలిగింపరాదు. మూసిన షెడ్డులో కారును వేడెక్కుటకు నడుపుచు ఉంచరాదు. దానినుండి వచ్చు విషవాయువునకు వాసన లేదు, నిద్రలోనే ప్రాణము తీయును. యిర్మీయా 36లో రాజు శీతకాలపు నగరులో కుంపటి ముందు కూర్చుండెను. రాజనగరు విశాలమైనది, గాలి ఆడును. మన పిల్లల గదులు అట్టివి కావు. తుపాను రాత్రులలో తలుపులన్నియు బిగించి కుంపటి పెట్టుకొను మన ఇండ్లకును ఇదే మాట.

పౌలు చెరసాలనుండి తిమోతికి వ్రాసినదియు ఇల్లు మారినవాని పత్రికయే. త్రోయలో కర్పునొద్ద విడిచివచ్చిన అంగీని తెమ్మని, పుస్తకములను కూడ తెమ్మని అడిగి, చలికాలము రాకమునుపే రమ్మని చెప్పెను. నవంబరు దాటినచో ఆ సముద్రములో ఓడలు మార్చి వరకు నడువవు. అంత గొప్ప అపొస్తలుడు ఇల్లు మారునప్పుడు అంగీ విడిచివచ్చినాడని తెలిసి నాకు కొంత ధైర్యము కలిగినది. పౌలు అడిగిన వరుసను చూడుడి, ముందు అంగీ, తరువాత పుస్తకములు. అక్కడి పాతకాపులును ఇదే చెప్పిరి: కంబళ్లు, మందులు, నీళ్లు కాచు కెటిలు, మరునాటి తిండి ఒక పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను అందరికంటె చివర ఎక్కించి మొదట దింపవలెను. సామెతలు 31:21లో గుణవతియైన భార్య తన ఇంటివారికి చలి తగులునని భయపడదని మన గ్రంథములో చదువుదుము. అక్కడ మూలభాషలో ఉన్నది చలి కాదు, మంచు. ఆమె అప్పటికే ఆ పెట్టె సర్దియుంచినది.

ఆ పిల్లవాడు జనవరి 30న ఇల్లు మారెను. క్రొత్త గది మూడు వీధుల అవతల. బండి కుదుర్చుకొనుటకు డబ్బు చాలలేదు. ప్రక్కింటి ముసలి దంపతులు, అంతవరకు పేరైనను తెలియనివారు, పిల్లలు మంచుమీద జారి ఆడుకొను ప్లాస్టికు చెక్కను తాడుకట్టి తెచ్చి ఇచ్చిరి. దానిమీద పెట్టెలు పెట్టి నలుగురు స్నేహితులు పదకొండుసార్లు ఈడ్చిరి. ఆ ముసలమ్మ క్రొత్త గదికి ముందుగా పోయి సూపు కాచియుంచెనట. ఎందుకు మారుచున్నావని ఆమె అడిగినదా అంటిని. “లేదయ్యగారూ, చేతికి తొడుగులున్నాయా అని అడిగింది” అనెను.

గృహకూటములలో ఈ పాఠము చదువువారు ఈ క్రింది సంగతులను మాటలాడుకొనవచ్చును. మత్తయి 24లో గర్భిణులను, పాలిచ్చు తల్లులను ప్రభువు వేరుగా ఎందుకు తలంచెను? మెలితేవారు నిప్పు రాజబెట్టుటకు ముందు ఏమేమి అడిగియుండవచ్చును? ఈ కార్తికమాసములో మన పాలెములో ఏ ఇంటి గోడ నిలువదో మనకు తెలియునా? హాలు తాళపుచెవి రాత్రివేళ ఎవరియొద్ద ఉండును? ఈ చివరి ప్రశ్నకు జవాబు నేనే చెప్పుదును. ఇక్కడికి వచ్చిన పిమ్మట రెండు తాళపుచెవులు చేయించితిమి. ఒకటి కమిటీ పెద్దయొద్ద ఉన్నది. రెండవది మా వంటింటి తలుపు ప్రక్కన మేకుకు వ్రేలాడుచున్నది.