అయిదు వారాల ఆల్జీబ్రా

మంగళగిరి,
మే నెల.

మనవరాలికి,

సమ్మర్‌లో కాలేజ్ ఆల్జీబ్రా తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది. సిలబస్ కూడా వాట్సాప్‌లో పంపింది. ఇంటర్‌లో బైపీసీ చదివిన పిల్లవి, టెన్త్ తర్వాత లెక్కల జోలికే పోలేదు. టెక్సస్ వెళ్లగానే కమ్యూనిటీ కాలేజీలో మ్యాథ్ 1314 ఎదురయ్యేసరికి కాస్త బెరుకుగానే ఉండుంటుంది. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి కదా, నాకు తోచింది రాస్తున్నాను.

ఆ సిలబస్ చూశాక నాకు అర్థమైంది ఒక్కటే. నువ్వు జాగ్రత్తపడాల్సింది పాఠాల గురించి కాదు, రోజుల గురించి. మామూలు సెమిస్టర్‌లో ఈ మూడు క్రెడిట్ల కోర్సు 16 వారాలు నడుస్తుంది. మీకు 5 వారాలే. క్లాసు గంటలు మాత్రం తగ్గవు, ఎలా చదివినా సుమారు 48. వారానికి 3 గంటలు జరగాల్సిన క్లాసు పది గంటల దాకా జరుగుతుంది. వారానికి నాలుగు రోజులనుకుంటే రోజుకి రెండున్నర గంటలు. ఒక్కరోజు మానేశావంటే పదహారు వారాలవాళ్ల వారం పాఠం ఇంచుమించు పోయినట్టే. క్లాసులో గంటకి ఇంటి దగ్గర రెండు గంటలు చదవాలన్నది అమెరికా కాలేజీలు క్రెడిట్‌కి కట్టే లెక్క. దాని ప్రకారం వారానికి ఇంకో 19 గంటలు, మొత్తం 29. అందుకే ఈ అయిదు వారాలూ రెండో కోర్సు పెట్టుకోకు.

‘మొదటి పరీక్ష రాసి చూద్దాం, కష్టమైతే డ్రాప్ చేద్దాం’ అనుకోవద్దు. ఏ మచ్చా లేకుండా వదులుకునే గడువు సమ్మర్‌లో మొదటి వారంలోనే దాటిపోతుంది. తర్వాత వదిలితే ట్రాన్‌స్క్రిప్ట్ మీద డబ్ల్యూ (విత్‌డ్రా) పడుతుంది. పైగా 2007 ఫాల్ నుంచి టెక్సస్ ప్రభుత్వ కాలేజీల్లో చేరినవాళ్లు డిగ్రీ మొత్తంలో ఆరు కోర్సులకు మించి అలా వదులుకోకూడదని చట్టం ఉంది. ఇంకోమాట. నువ్వు తర్వాత చేరాలనుకుంటున్న యూనివర్సిటీ ఆల్జీబ్రా అడుగుతోందో, స్టాటిస్టిక్స్ అడుగుతోందో అడ్వైజర్‌ని ఇప్పుడే కనుక్కో. కొన్ని డిగ్రీలకి రెండోదే కావాలి.

ఇక పాఠాల సంగతి. బహుపదులు, రేఖీయ సమీకరణాలు, వర్గ సమీకరణాలు టెన్త్‌లో నువ్వు చేసినవే. నీకు ఎక్కువగా కొత్తవనిపించేవి ఫంక్షన్లు, వాటి గ్రాఫులు, ఎక్స్‌పొనెన్షియల్, లాగరిథమ్, మాత్రికలు. వీటిలో ఫంక్షన్ పట్టుబడితే చాలావరకు దారి పడ్డట్టే. దానికి మన కొండ మీది పానకాలస్వామిని తలుచుకో. ఎంత పానకం పోసినా స్వామి సగమే తాగి, సగం ప్రసాదంగా వదిలేస్తాడని మనవాళ్ల నమ్మకం. చెంబెడైనా అంతే, బిందెడైనా అంతే. పోసింది ఎక్స్ అయితే మిగిలింది ఎక్స్ బై 2. ఇదే ఫంక్షన్: ఏది ఇచ్చినా ఒకే నియమం, ఒక్కోదానికి ఒక్కటే జవాబు. పానకం మైనస్ 3 లీటర్లు పోయలేం కాబట్టి ఎక్స్ సున్నాకి తగ్గకూడదు. అది డొమైన్. ప్రసాదం 2 లీటర్లు మిగిలితే పోసింది 4 అని వెనక్కి చెప్పగలవు. అది ఇన్వర్స్. మిగిలింది మళ్లీ పోస్తే నాలుగోవంతు, ఇంకోసారి పోస్తే ఎనిమిదోవంతు. ప్రసాదాన్ని మళ్లీ నైవేద్యం పెట్టరనుకో, ఈ లెక్క కాగితం మీదే. అలా సగాలై తగ్గడమే ఎక్స్‌పొనెన్షియల్. ఎన్నిసార్లు పోసినా సున్నా మాత్రం కాదు, గ్రాఫు అడుగు గీతకి దగ్గరవుతుందే కానీ తాకదు. 1 లీటరు 10 మిల్లీలీటర్ల లోపుకి రావాలంటే ఎన్నిసార్లు పోయాలి? 7 సార్లు. ఆ ‘ఎన్నిసార్లు’ అన్న ప్రశ్నకి జవాబు చెప్పడానికే లాగరిథమ్.

నా అనుభవంలో పిల్లలు కొత్త పాఠంలో మార్కులు పోగొట్టుకోరు, పాత పాఠంలో పోగొట్టుకుంటారు. బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే లోపలి ప్రతి పదానికీ గుర్తు మారాలి. మొదటిదానికి మార్చి రెండోదాన్ని వదిలేస్తారు. సున్నాలోంచి అప్పు (మైనస్ అంకె) తీసేస్తే ఆస్తి (ప్లస్ అంకె) అవుతుందని బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లోనే రాసిపెట్టాడు. అయినా ఆ తప్పు పోలేదు. ఎక్స్ స్క్వేర్ ప్లస్ 9కి వర్గమూలం ఎక్స్ ప్లస్ 3 అని రాసేస్తారు. అనుమానమొస్తే ఎక్స్ బదులు 4 వేసి చూడు. 16, 9 కలిపితే 25, దాని మూలం 5. వీళ్లు రాసింది 7. ఇలా ఒక చిన్న అంకె వేసి సరిచూసుకునే అలవాటు ఏ కాలిక్యులేటర్ కన్నా ఎక్కువ కాపాడుతుంది. భిన్నాలు, ఘాతాంకాలు, కారణాంకాలు ఈ మూడూ క్లాసులు మొదలయ్యేలోపే మళ్లీ చేసెయ్. మొదలయ్యాక తీరిక దొరకదు.

హోంవర్క్ కంప్యూటర్లోనే అంటగా. అందులో ‘ఉదాహరణ చూపించు’ అని నొక్కితే అచ్చం అలాంటి లెక్కే చేసి చూపిస్తుంది. అంకెలు మార్చి రాస్తే మార్కులు పడతాయి, లెక్క మాత్రం రాదు. ముందు నోట్‌బుక్‌లో అన్ని మెట్లూ రాసి, తర్వాతే జవాబు కొట్టు. మర్నాడు పొద్దున తప్పుపోయిన లెక్కల్ని జవాబు చూడకుండా మళ్లీ చెయ్యి. అరగంట కుస్తీ పట్టినా రాకపోతే ట్యూటరింగ్ సెంటర్‌కి వెళ్లు, లేదా ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌లో అడుగు. అడిగితే తక్కువగా చూస్తారేమోనన్న మొహమాటం మన పిల్లలకి ఎక్కువ. ఆ గంటలు ఉన్నదే అడగడానికి. పదహారు వారాల కోర్సులో వారం తర్వాత అడిగినా సర్దుకోవచ్చు. నీకు మాత్రం ఇవాళ్టి అనుమానం రేపటి క్లాసుకి ముందే తీరాలి.

తెలివి చాలదేమోనని బెంగపెట్టుకోకు. ఈ కోర్సుకి కావాల్సింది రోజూ కూర్చునే ఓపిక, అది నీ దగ్గర ఉంది. రేపే భిన్నాలతో మొదలుపెట్టు. చేసిన కాగితాలు ఫొటో తీసి పంపు, దిద్ది పంపుతాను.

ఇట్లు,
మీ తాతయ్య