ఏకాంత భోజనం

పాఠ్యభాగ పరిచయం

ప్రక్రియ: వ్యాసం. నగరంలో ఒంటరిగా భోజనం చేయవలసి వచ్చిన ఒక ఉద్యోగిని అనుభవం ఆధారంగా, ఒంటరితనానికీ ఏకాంతానికీ గల భేదాన్ని వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మానవుడు సంఘజీవి. తెలుగువారి భోజనంలో ఈ సత్యం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. బంతిభోజనాలు, కొసరి కొసరి వడ్డించడం, 'ఇంకొంచెం వేసుకోండి' అని బలవంతపెట్టడం మన ఆచారాలు. అందువల్ల ఒంటరిగా కూర్చొని తినేవారిని చూస్తే మనకు జాలి కలుగుతుంది. ఆ వ్యక్తి స్త్రీ అయితే జాలికి అనుమానం కూడా తోడవుతుంది. కాని చదువుల కోసం, ఉద్యోగాల కోసం సొంత ఊరు విడిచి నగరాలకు చేరుతున్న యువతలో చాలామందికి ఒంటరి భోజనం నిత్యకృత్యమైంది. అది దైన్యమా? లేక అందులోనూ ఒక నిండుదనం ఉందా?

విశాఖపట్నం చేపలరేవులో తెల్లవారుజామునే వేలంపాటల సందడి మొదలవుతుంది. వంజరం, చందువ, కానాగంతలు, రొయ్యలు, పీతలు గంపలకెక్కి నగరమంతటికీ తరలిపోతాయి. సాయంకాలానికి వాటిలో కొన్ని చిన్న హోటళ్ళకు చేరి పులుసులుగా, వేపుళ్ళుగా మారతాయి. ఆ హోటళ్ళలో ఆడంబరం ఉండదు. రేకుల కప్పు, చెక్క బల్లలు, పలకమీద సుద్దతో రాసిన ఆనాటి చేపల పేర్లు, అంతే.

ఏప్రిల్ నెల మొదట్లో ఒక సాయంకాలం, పని ముగించుకొన్న ఒక బ్యాంకు ఉద్యోగిని అటువంటి హోటలుకు వచ్చింది. గదికి వెళ్ళి వండుకొనే ఓపిక ఆమెకు లేదు.

"ఇంకెవరైనా వస్తారా మేడమ్?" అని వడ్డించే కుర్రవాడు అడిగాడు.

"లేదు, నేనొక్కదాన్నే."

అతడు తెరలు కట్టిన ఫ్యామిలీ గదిని చూపించాడు. అతడి ఉద్దేశం మంచిదే. అయినా ఆమె క్షణకాలం తటపటాయించి, కిటికీ పక్కనున్న బల్ల దగ్గర కూర్చున్నది. చుట్టుపక్కల వారి చూపులు తనమీదే నిలిచినట్లు ఆమెకు తోచింది. ఫోను తీసి, చదవడానికి కాక, ఆ చూపులకు అడ్డుగా పట్టుకొన్నది.

ఇంతలో వేడి అన్నం, కానాగంతల పులుసు వచ్చాయి. చేపను పరధ్యానంగా తినడానికి వీలులేదు. వెన్నుముల్లును వేరుచేయాలి. పక్కముళ్ళను వేళ్ళతో తడిమి ఏరాలి. ఆమె ఫోను పక్కన పెట్టింది. చిన్ననాడు తల్లి ముళ్ళు తీసి, అన్నంలో కలిపి ముద్దలు పెట్టేది. ఆ తల్లి ఎప్పుడు తినేదో, ఆమె పళ్ళెంలోకి ఏ ముక్క మిగిలేదో కూతురు ఎన్నడూ గమనించలేదు. అందరికీ వడ్డించి, చివరకు వంటింట్లో ఒక్కతే కూర్చొని చల్లారిన అన్నం తినే తల్లి ఇప్పుడు ఆమెకు గుర్తుకువచ్చింది. పదిమంది ఉన్న ఇంట్లో కూడా ఆ తల్లిది ఒంటరి భోజనమే. ఒక స్త్రీ ఒంటరిగా తినడం కొత్త కాదు. వేడిగా, తనకు ఇష్టమైన ముక్కను కోరి తినడమే కొత్త.

"మరి కొద్దిరోజుల్లో వేట ఆగిపోతుంది మేడమ్, ఇన్ని రకాలు దొరకవు" అన్నాడు కుర్రవాడు, పులుసు మరికొంచెం వడ్డిస్తూ. చేపలు గుడ్లుపెట్టే కాలం కనుక తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు మరపడవల వేటను నిషేధిస్తారు. సముద్రం తేరుకొనే ఆ రోజులు మత్స్యకారులకు రాబడి తగ్గే రోజులు. 2023 నవంబరు 19 రాత్రి ఇదే రేవులో జరిగిన అగ్నిప్రమాదంలో 30కి పైగా మరపడవలు కాలిపోయాయి. ఎన్నో కుటుంబాల బతుకుదెరువు ఒక్క రాత్రిలో బూడిదైంది. వంటింటి తల్లి వలెనే వీరి శ్రమ కూడా తినేవారి కంటికి కనిపించదు. మాటల సందడి లేని ఆ పూట ఆమెకు అది కనిపించింది.

బయటకు వచ్చి ఆమె ఇంటికి ఫోను చేసింది.

"అమ్మా, భోంచేశావా?"

"ఇంకా లేదమ్మా, నాన్నగారు రావాలి కదా!"

"ఈసారి నేను వచ్చినప్పుడు మనిద్దరం ముందుగా తిందాం. ముళ్ళు నేను తీసిపెడతాను."

పట్టించుకొనేవారు లేక ఒంటరిగా తినడం ఒంటరితనం. తన మనసుతో తాను గడపడానికి కోరి కూర్చోవడం ఏకాంతం. ఆ ఏకాంతం మనుషులను దూరం చేయదు. ఇంతకాలం చూడని మనుషులను చూపిస్తుంది.

అర్థాలు

నిత్యకృత్యం = రోజూ చేసే పని
దైన్యం = దీనస్థితి
ఆడంబరం = హంగు, డాబు
పరధ్యానం = మనసు వేరొకచోట ఉండటం

సంధి

ఏకాంతం = ఏక + అంతం (సవర్ణదీర్ఘ సంధి)

ప్రశ్నలు

1. ఒంటరితనానికీ ఏకాంతానికీ గల భేదాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. 'పదిమంది ఉన్న ఇంట్లో కూడా ఆ తల్లిది ఒంటరి భోజనమే.' సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
3. తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఎప్పుడు, ఎందుకు అమలవుతుంది?
4. మీ ఇంట్లో అందరికంటే చివరగా భోజనం చేసేది ఎవరు? కారణమేమిటి?