నల్లుల బాధ - అపార్టుమెంటులలో దాని నివారణము

నల్లి యనునది మనుష్యుని ఇంటిలో కాపురముండి, మనుష్యుని నెత్తురే ఆహారముగా బ్రతుకు చిన్న పురుగు. ఈ బాధ మనకు క్రొత్తది కాదు. దేవతలు సహితము నల్లుల బాధకు తాళలేకపోయిరని చమత్కరించు చాటుపద్యమొకటి తెలుగువారిలో పండితపామరులందరును ఎరిగినదే. పెంకుటిండ్లు పోయి అపార్టుమెంటులు వచ్చినవి. నులకమంచములు పోయి పెట్టెమంచములును, పరుపులును, సోఫాలును వచ్చినవి. నల్లి మాత్రము మనలను విడువలేదు. పైగా ఒక్క గోడకు ఇరువైపులను రెండు కుటుంబములు నివసించు భవనములలో దాని ప్రయాణము మరింత సులభమైనది.

కావున మన విద్యార్థులును వారి తలిదండ్రులును ఈ పురుగుయొక్క జీవితక్రమమును తెలిసికొని, దానిని నిర్మూలించు మార్గమును గ్రహించుటకై ఈ పాఠమును వ్రాయుచున్నాము. ఇందలి ముఖ్యాంశము ఒక్కటే: నల్లులు పోవలెనన్నచో దినములను లెక్కించి పనిచేయవలెను, పొరుగువారితో కలిసి పనిచేయవలెను.

రూపమును జీవితమును

మనుష్యులను పీడించు నల్లులలో ముఖ్యమైన జాతులు రెండు. సమశీతోష్ణ దేశములలో హెచ్చుగా నుండు జాతికి 1758లో లినేయస్ పండితుడు సైమెక్స్ లెక్టులేరియస్ అని పేరు పెట్టెను. మన దేశమువంటి ఉష్ణదేశములలో సాధారణముగా కనబడునది సైమెక్స్ హెమిప్టెరస్ అను జాతి. రెండింటి రూపమును నడవడియు దాదాపు ఒక్కటే. ఎదిగిన నల్లి 5 మొదలు 7 మిల్లీమీటర్ల పొడవుండును. వన్నె ఎరుపు కలిసిన గోధుమవన్నె. దానికి ఎగురుటకు రెక్కలు లేవు, అది గెంతనుజాలదు, నడచియే పోవును. ఆకలిగొన్న నల్లి మిక్కిలి పలుచగా నుండుటచేత, ఒక పోస్టుకార్డు దూరునంత సందు దానికి చాలును.

ఆడునల్లి దినమునకు 1 మొదలు 5 వరకు గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు సుమారు 1 మిల్లీమీటరు పొడవు కలిగి, ముత్యమువలె తెల్లగా నుండి, జిగురుతో కొయ్యకు గాని గుడ్డకు గాని అంటుకొని యుండును; చీపురుతో ఊడ్చినంతమాత్రమున ఊడిరాదు. వెచ్చని ఇంటిలో ఆ గ్రుడ్డు 6 మొదలు 10 దినములలో పొదుగును. పిల్ల ఐదుసార్లు కుబుసము విడిచి పెద్దదగును; ప్రతి కుబుసమునకు ముందు ఒక్కసారియైనను రక్తము త్రాగితీరవలెను. ఆహారమును వేడియు అనుకూలించినయెడల పిల్ల సుమారు 5, 6 వారములలో తాను గ్రుడ్లు పెట్టునంతటిదగును. పొదుగుటకు 10 దినములు, ఎదుగుటకు 5 వారములు - ఈ రెండు లెక్కలను విద్యార్థులు జ్ఞాపకముంచుకొనవలెను.

నల్లి పగలు సందులలో దాగి, రాత్రి మన ఊపిరితో వెలువడు బొగ్గుపులుసు వాయువును, శరీరపు వెచ్చదనమును గుర్తుపట్టి వచ్చును. 5 మొదలు 10 నిమిషములలో కడుపు నింపుకొని తిరిగి సందు చేరును. ఆహారము లేకున్నను అది నెలల తరబడి బ్రతుకగలదు. కావున వేసవి సెలవులకు ఇల్లు తాళము వేసి ఊరికి పోయినంతమాత్రమున నల్లులు ఆకలిచే చచ్చునని తలంపరాదు.

నల్లి రోగములను వ్యాపింపజేయునా?

1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రొనాల్డు రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనిన పిమ్మట, వైద్యులు తక్కిన పురుగులను గూడ అనుమానముతో పరీక్షింపసాగిరి. 1907లో మద్రాసులో పాటన్ అను వైద్యాధికారి కాలా అజార్ జ్వరమును నల్లి వ్యాపింపజేయునేమో యని పరిశోధించెను. అనేక సంవత్సరములు ఆ అనుమానము నిలిచెను. తుదకు 1942లో స్వామినాథ్, షార్ట్, అండర్సన్ అను శాస్త్రజ్ఞులు ఆ జ్వరమును మోయునది శాండ్‌ఫ్లై అను చిన్న ఈగయని ప్రయోగపూర్వకముగా నిరూపించిరి. నిత్యజీవితమున నల్లి ఒకరినుండి మరియొకరికి రోగమును చేరవేయునను నిదర్శనము నేటివరకును లేదు.

అయినను దాని హాని స్వల్పమైనది కాదు. దురద, గోకుటచే పుండ్లు, నిద్రలేమి, మనోవ్యాకులత - ఇవి నల్లి ఇచ్చు కానుకలు. ఒక్క విషయము తలిదండ్రులు గమనింపవలెను. కాటునకు అందరి శరీరమును ఒక్కరీతిగా స్పందింపదు. ఒకరికి దద్దురులు లేచును. అదే పరుపుపై పండుకొన్న మరియొకరికి మచ్చయైనను కనబడదు. కొందరికి కొన్ని దినముల తరువాత కనబడును. కాబట్టి తండ్రికి దురద లేదని, బిడ్డ చెప్పు మాటను అబద్ధమని త్రోసివేయరాదు. ఉపాధ్యాయులమైన మేమును తరగతిలో తూగు పిల్లవానిని సోమరియని గద్దించుటకు ముందు, రాత్రి వానికి నిద్రపట్టినదో లేదో విచారింపవలసియున్నది.

సిగ్గుపడవలసిన పనిలేదు

నల్లులున్న ఇల్లు మురికి ఇల్లని చాలమంది తలంతురు. ఇది సరికాదు. నల్లికి కావలసినది రక్తమేగాని చెత్తకాదు. రైలుబెర్తులలో, హోటలు గదులలో, వసతిగృహములనుండి వచ్చు ట్రంకుపెట్టెలలో, ఇతరులు వాడిన మంచములలో అది మన ఇంటికి వచ్చును. అమెరికా, బ్రిటను, ఆస్ట్రేలియా దేశములలో దాదాపు మరుగుపడిన నల్లులు 1990ల చివరినుండి మరల విజృంభించినవి. 2023లో పారిసు నగరమున వానిని గూర్చి గొప్ప కలకలము పుట్టినది. సంపన్న దేశములకే తప్పని బాధకు మన మేల సిగ్గుపడవలెను?

సిగ్గువలన దాచుటయు, దాచుటవలన వ్యాపించుటయు జరుగుచున్నవి. అంతకంటె విచారకరమైన సంగతి యేమనగా, నల్లులు కనబడగానే కొందరు పనిమనిషిని అనుమానింతురు. వసతిగృహమునుండి వచ్చిన పిల్లవానిని దూరముగా కూర్చుండబెట్టుదురు. నల్లి మనుష్యుని శరీరమునంటి జీవించు పేను వంటిది కాదు. అది సందులలో నివసించునది. పిల్లవాని ప్రక్కను కూర్చుండినందువలన భయములేదు. వాని పెట్టెను, పరుపుచుట్టను శోధించి శుభ్రపరచిన చాలును.

వెదకు విధము

మొదట నల్లులున్నవని నిశ్చయపరచుకొనవలెను. పరుపు అంచుల కుట్లలో, మంచపు కీళ్లలో, తలవైపు పలక వెనుక, సోఫా మడతలలో, కుర్చీ అడుగున, గోడకు తగిలించిన పటముల వెనుక టార్చిలైటుతో చూడవలెను. సిరా చుక్కలవంటి నల్లని మరకలు, విడిచిన కుబుసములు, తెల్లని గ్రుడ్లు, దుప్పటిపై నెత్తుటి మచ్చలు - ఇవియే గుర్తులు. కనబడిన చోటును తేదీతో ఒక పుస్తకమున వ్రాసికొనవలెను.

ఈ సమయమున భయపడి వేరొక గదిలో పండుకొనరాదు. ఆకలిగొన్న నల్లులు మనుష్యుని వెదకుకొనుచు ఆ గదికిని వచ్చును. ఒక్క గదిలోని బాధ ఇల్లంతయు ప్రాకును. పాత పరుపును మెట్లక్రింద పడవేయుటయు తగదు. దానిని మరియొకరు తీసికొనిపోయి వాడుకొందురు. పారవేయక తప్పనిచో కవరులో మూసి, పనికిరాకుండ చింపి పారవేయవలెను.

నిర్మూలన క్రమము

మన పెద్దలు వేసవిలో నులకమంచములను వాకిట వేసి, సలసల కాగు నీటిని పట్టెల సందులలో పోసెడివారు. ఇది శాస్త్రసమ్మతమైన పనియే. 50 డిగ్రీల సెంటిగ్రేడుకు పైబడిన వేడి తగిన సేపు లోపలివరకు తగిలినయెడల నల్లియు దాని గ్రుడ్డును రెండును చచ్చును. కాని వట్టి ఎండలో వేసినంతమాత్రమున చాలదు. ఎండ తగలగానే నల్లి నీడవైపునకు తొలగిపోవును. నేటి పరుపులమీదను ప్లైవుడ్డుమీదను కాగిన నీరు పోయ వీలులేదు గనుక, అదే వేడిని వేరు మార్గములచే కలిగింపవలెను.

మొదటి దినమున దుప్పట్లు, గలేబులు, తెరలు, బట్టలు అన్నియు కవరులలో మూటగట్టి, 60 డిగ్రీల వేడినీటిలో ఉతికి, పూర్తిగా ఆరనిచ్చి, కుట్లపై వేడి ఇస్త్రీ చేయవలెను. ఉతుక వీలులేని చిన్న వస్తువులను, మైనస్ 18 డిగ్రీల చలి నిజముగా నుండు ఫ్రీజరులో 4 దినములు ఉంచవచ్చును. మంచమును ఊడదీసి, కీళ్లలో ఆవిరి పట్టించవలెను. ఇనుపమంచమైనచో బయటికి చేర్చి కాగిన నీరు పోయవచ్చును. ఈ పని పెద్దలే చేయవలెను. చిన్నపిల్లలను దగ్గరకు రానీయరాదు. స్విచ్చిబోర్డుల చెంత నీరుగాని ఆవిరిగాని తగదు. వాక్యూమ్ క్లీనరుతో సందులను పీల్చి, అందలి దుమ్మును కవరులో మూసి వెంటనే బయట పారవేయవలెను. పరుపునకు జిప్పు గల గట్టి గలేబు తొడిగి, ఒక సంవత్సరమువరకు విప్పరాదు. గోడ బీటలను, గొట్టములు పోవు రంధ్రములను లప్పముతో గాని సిమెంటుతో గాని పూడ్చవలెను.

మంచమును గోడకు జానెడు దూరముగా జరిపి, దుప్పటి నేలకు వ్రేలాడకుండ చూచి, కోళ్ల క్రింద నున్నని గిన్నెలుంచి లోపల టాల్కం పొడి పూయవలెను. మన దేశపు జాతి నున్నని అంచులను గూడ కొంతవరకు ఎక్కగలదు; కావున గిన్నె పూర్తిగా అడ్డుకొనునని నమ్మక, నల్లులు ఇంకను ఉన్నవో లేవో తెలిసికొనుటకు దానిని ప్రతి ఉదయమును చూడవలెను.

ఇక దినముల లెక్క. 1వ తేదీన ఈ పని జరిగినదనుకొందము. ఆ దినమున మన కంటబడక మిగిలిన గ్రుడ్లు 7వ తేదీ మొదలు 11వ తేదీ లోపల పొదుగును. కావున 11వ తేదీన పని యంతయు రెండవసారి చేయవలెను. అప్పటికి ఆ గ్రుడ్లన్నియు పిల్లలై యుండును. పిల్లలలో ఒక్కటియు గ్రుడ్లు పెట్టు వయస్సునకు వచ్చి యుండదు. తప్పించుకొనిన పెద్ద నల్లి ఏదైన నడుమ గ్రుడ్లు పెట్టియుండవచ్చును గనుక, 21వ తేదీన మూడవసారియు చేయవలెను. ఆ పిమ్మట వారమునకొకసారి వెదకుచు, వరుసగా 8 వారములు ఏ గుర్తును కనబడనప్పుడే పని ముగిసినదని భావింపవలెను. చాలమంది మొదటి దినమున మిక్కిలి శ్రమపడి, రెండవసారి చేయుట మానుదురు. నల్లులు మరల వచ్చినవని విచారింతురు. అవి మరల వచ్చినవి కావు, మిగిలినవే పెరిగినవి.

విషములను గూర్చి

స్విట్జర్లాండు దేశీయుడైన పాల్ ముల్లర్ 1939లో డి.డి.టి.కి పురుగులను చంపు శక్తి కలదని కనుగొని, 1948లో నోబెలు బహుమానమందెను. ఇక నల్లుల కథ ముగిసినదని లోకమంతయు సంతోషించెను. కాని 1947లోనే హవాయి ద్వీపములలో డి.డి.టి.కి చావని నల్లులు కనబడినవి. ఇటీవలి పిరిత్రాయిడు మందులకును అదే గతి పట్టినది. మందు బలహీనములైన నల్లులను చంపగా, తట్టుకొనినవి పిల్లలను కనుచున్నవి. గదినిండ పొగవలె చిమ్ము డబ్బాలు సందులలో దాగిన నల్లులను చేరవు; 2012లో అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయమువారు పరీక్షించి ఇవి నిష్ప్రయోజనములని తెలిపిరి.

మందు అవసరమైనచో అనుమతి పొందిన పనివారిచేతనే చల్లించి, వారు చెప్పినంతసేపు ఇల్లు విడిచి, తిరిగివచ్చి కిటికీలు తెరువవలెను. చాల మందులు గ్రుడ్లను చంపజాలవు గనుక పైని చెప్పిన దినముల లెక్క వీనికిని వర్తించును. పొలములో వాడు మందులను ఇంటిలో చల్లరాదు. కిరసనాయిలు మంచమునకు పూయుట అగ్నిప్రమాదమునకు దారితీయును. అన్నిటికంటె భయంకరమైనది, ధాన్యపు గిడ్డంగులలో వాడు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్లలను గదిలో నుంచుట. తేమ తగిలినంతనే దానినుండి ఫాస్ఫీను అను విషవాయువు పుట్టును. అది గోడ సందులగుండ పొరుగు ఫ్లాటునకు పోయి, నిద్రించు పసిబిడ్డల ప్రాణములను తీయగలదు. దానికి విరుగుడు మందు లేదు. ఎలుకల బాధకు ఇంటికి నిప్పు పెట్టినట్లు, నల్లుల బాధకు ప్రాణములమీదికి తెచ్చుకొనుట వివేకము కాదు.

ఇరుగుపొరుగుల సహాయము

ఒక ఫ్లాటులో నల్లులు కనబడినయెడల దానికి ఇరుప్రక్కలను, పైనను, క్రిందను ఉన్న ఫ్లాటులను గూడ వెదకవలెను. ఒక్కరు మాత్రమే పనిచేసినచో, నల్లులు గొట్టముల వెంబడియు విద్యుత్తు తీగల రంధ్రముల వెంబడియు ప్రక్కకు పోయి, కొంతకాలమునకు తిరిగివచ్చును. నివాసుల సంఘమువారు ఒక్క తేదీని నిర్ణయించి, అవసరమున్న ఇండ్లన్నిటిలో ఒక్కసారి పని జరిగించుట మేలు. ఖర్చు పెట్టుకొనలేని కుటుంబమునకు సంఘము సహాయపడుట దయ మాత్రమే కాదు, భవనమంతటికిని క్షేమము.

"వదినగారూ, మా ఇంటిలో నల్లులు కనబడినవి, మీ గోడవైపు గూడ ఒకసారి చూచుకొనండి" యని చెప్పుటకు మన తల్లులు సంకోచింపకుందురుగాక. ఆ మాట విన్నవారు ముఖము త్రిప్పుకొనక, తమ పరుపును గూడ ఎత్తి చూతురుగాక.

విద్యార్థులారా, ఈ పనిలో మీకును ఒక భాగము కలదు. ఒక నోటుపుస్తకమున నాలుగు గళ్లు గీసి, తేదీ, చోటు, కనబడిన నల్లుల సంఖ్య, చేసిన పని యని వ్రాయుడు. 1వ, 11వ, 21వ దినములకు ఎర్ర సిరాతో గుర్తు పెట్టుడు. అమ్మకు గాని నాన్నకు గాని శ్రమచే ఒక దినము మరపు వచ్చినయెడల, పుస్తకము తెచ్చి వినయముతో చూపుడు. సెలవులనుండి వసతిగృహమునకు వచ్చునప్పుడును, అచటనుండి ఇంటికి పోవునప్పుడును, పెట్టెను వాకిటనే తెరచి మూలలు చూచి, పిమ్మట లోపలికి తీసికొనిపొండు.