కాకి ముట్టని మెతుకులు
(ప్రశ్నలు - జవాబులు)

ప్రశ్న: నాతో గదిలో ఉండే అమ్మాయి దేవుణ్ణి నమ్మదు. పండక్కి కూడా దీపం పెట్టదు. ఇద్దరం కలిసి అద్దె ఇల్లు తీసుకుందామంటోంది. అలాంటి మనిషిని నమ్మొచ్చా?
— ఒక విద్యార్థిని, మహబూబాబాద్

జవాబు: కిందటి నెల తన వాటా అద్దె ఇచ్చిందా? ఇస్తే నమ్మండి.

ప్రశ్న: మా నాయిన కాలం జేసి నెల దాటింది. మూడోనాడు పిట్టకు పెడితే కాకి వచ్చి గోడ మీద కూసున్నది గని ముట్టలేదు. గంటన్నర చూసినం. మా తమ్ముడు చదువుకునే రోజుల నుంచే దేవుడు లేడు, ఆత్మ లేదు అంటడు. గుండు గీయించుకోలేదు, పిట్టకు పెట్టేకాడ చేతులు కట్టుకొని దూరంగ నిలబడ్డడు. వాని వల్లనే నాయినకు శాంతి లేదని అమ్మ ఏడుస్తున్నది. వాడు చెడ్డోడు కాదు. రెండేండ్లు నాయినను డయాలసిస్‌కు తిప్పింది వాడే. కని దైవభయం లేనోన్ని నమ్మి భూమి పంపకం ఎట్ల చేసుకోవాలె? ఇంకో సంగతి. మా ఇంట్ల ఇరవై ఏండ్లు జీతమున్నాయన పాత బాకీ ఉన్నదని తిరుగుతున్నడు. ఇచ్చేద్దామంటడు తమ్ముడు. నోటు లేదు, సాక్షి లేడు, ఎందుకియ్యాలె అంటున్న నేను. పెత్రమాస లోపల వాన్ని దారికి తెచ్చే ఉపాయం చెప్పండి.
— ఒక అన్న, దంతాలపల్లి మండలం

జవాబు: ఉత్తరం అంతా తమ్ముడి గురించే రాశారు. నా కన్ను మాత్రం చివర్లో 'ఇంకో సంగతి' అని మీరు తోసేసిన దాని దగ్గరే ఆగిపోయింది.

పిట్ట ముట్టకపోతే మన ఊళ్లల్లో పెద్దలు ఏం చేస్తారో మీకు తెలియంది కాదు. పోయిన మనిషికి ఏం మిగిలిపోయిందోనని గుర్తు చేసుకుంటారు. 'చిన్నబిడ్డ పెండ్లి మేం చేస్తం', 'అమ్మను మంచిగ చూసుకుంటం', 'ఫలానోళ్ల బాకీ మేం కడ్తం' అని దండం పెట్టి పైకి చెబుతారు. అప్పుడు కాకి దిగుతుంది. ఆకలై దిగిందా, ఆత్మ విని దిగిందా అన్న పంచాయితీ నేను చెప్పను. కానీ ఈ ఆచారం పుట్టించినవాళ్లు తెలివైనవాళ్లు. బతికున్నవాళ్ల నోటితోనే బతికున్నవాళ్ల బాధ్యత చెప్పించారు. ఆ గంటన్నరలో మీరు ఎన్ని మాటలిచ్చారు? జీతమున్నాయన పేరు ఒక్కసారైనా ఎత్తారా? దూరంగా నిలబడ్డ మీ తమ్ముడొక్కడే ఆ బాకీ సంగతి పట్టించుకున్నట్టున్నాడు.

మీరు నమ్మేవారు, అతను నమ్మనివాడు. ఇరవై ఏళ్లు మీ పొలం దున్నిన మనిషి మాటను నోటు లేదని కొట్టిపారేస్తున్నది మీరు. భక్తి ఉంటే నీతి దానంతట అదే వస్తుందన్న లెక్క మీ ఇంట్లోనే తప్పింది.

భక్తులంతా దొంగలని నేననడం లేదు. మా నాయిన పత్తి వేసే అడ్తి దుకాణంలో గల్లాపెట్టె పైన దేవుడి పటానికి రోజూ కొత్త దండ పడేది. ఆ పటం కిందే కాంటా. క్వింటాలుకు ఇంతని తరుగు కోసేవాడు ఆ సేటు. కరువొచ్చిన ఏడు అదే సేటు వడ్డీ వదిలేశాడు. పటం రెండుసార్లూ అక్కడే ఉంది. అందుకే నేను పటాన్ని చూడడం మానేసి కాంటాను చూడడం నేర్చుకున్నాను.

దేవుడు లేడన్నవాళ్లు ఎలా బతికారో తెలుసుకోవాలంటే మన తెలుగువాళ్లలోనే గోరా ఉన్నారు. అసలు పేరు గోపరాజు రామచంద్రరావు, 1902లో పుట్టారు. వృక్షశాస్త్రం చెప్పే అధ్యాపకుడు. నాస్తికత్వం వల్ల ఉద్యోగమే పోగొట్టుకున్నారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, తర్వాత అది విజయవాడకు మారింది. అంటరానితనం పోవాలని పట్టుబట్టి, బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి కూడా పెద్దకూతురు మనోరమను దళిత యువకుడికి ఇచ్చారు. ఆ పెళ్లి తానే జరిపిస్తానని గాంధీ మాటిచ్చారు. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ దేవుణ్ణి నమ్మనివాళ్లు గనుక దేవుడి పేరుకు బదులు సత్యం పేరుతో ప్రమాణం చేయించడానికి ఒప్పుకున్నారు. రోజూ రామనామం చేసిన మనిషి ఆయన! 1948 జనవరి 30న ఆయన పోయారు. ఆ మార్చిలో గాంధీ ఆశ్రమమైన సేవాగ్రామ్‌లోనే పెళ్లి జరిగింది. దేవుడున్నాడన్నవారు, లేడన్నవారు ఒకే పందిట్లో కూర్చోడానికి ఒక్క మాట మారిస్తే సరిపోయింది. మీ ఇంట్లో ఆ మాత్రం చోటు లేదా?

ఇంకో ఊరి సంగతి చెబుతాను. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం. నేరస్థ జాతులన్న ముద్ర వేసి బ్రిటిష్ ప్రభుత్వం జనాన్ని అక్కడికి చేర్చింది. ఆ సెటిల్‌మెంటును నడిపింది సాల్వేషన్ ఆర్మీ, అంటే క్రైస్తవ సేవకులు. తర్వాతి కాలంలో అదే ఊరివాళ్లను దొంగతనాల నుంచి మళ్లించడానికి తిరిగింది గోరా కొడుకు లవణం, కోడలు హేమలత. హేమలత మన కవి జాషువా బిడ్డ. ఆ ఊళ్లో దొంగతనం మానినవాళ్లు ముందు 'మీ మతమేంటి?' అని అడిగి మానారని ఎవరూ చెప్పగా వినలేదు.

ఇక ఆత్మ. దేవుణ్ణి కాదంటే ఆత్మ పోతుంది, ఆత్మ పోతే నీతి పోతుంది అని మీ ఇంటి దిగులు. ఖమ్మం దాటి నేలకొండపల్లికి వెళ్లి బౌద్ధ స్తూపం చూడండి. నిలకడైన ఆత్మ అంటూ లేదని చెప్పిన మతం అది. అయినా చీమను తొక్కవద్దనీ, అబద్ధమాడవద్దనీ చెప్పింది. ఆలేరు దగ్గర కొలనుపాకకు వెళ్తే జైన దేవాలయం ఉంది. సృష్టికర్త లేడంటారు వాళ్లు, ఆత్మ ఉందంటారు, హింస చేయరు. దేవుణ్ణి నమ్మేవాళ్లతో కలిపి మన చుట్టుపక్కల నేల ఈ మూడు రకాలవాళ్లనూ మోసింది. ఒక్కళ్లనే మోయలేక మీ ఇల్లు కూలిపోదు.

మీ తమ్ముడికీ ఓ చీవాటు ఉంది, ఇది అతనికి చదివి వినిపించండి. గుండు గీయించుకోకపోవడం అతని ఇష్టం. కానీ మొగుణ్ణి పోగొట్టుకున్న అమ్మ ముందు ఆత్మ లేదని వాదన పెట్టడం తెలివి కాదు. అమ్మ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే అతని సిద్ధాంతానికి వచ్చే నష్టం లేదు.

పెత్రమాస లోపల చేయాల్సిన పనులు రెండే. జీతమున్నాయనను ఇంటికి పిలిచి, అమ్మను పక్కన కూర్చోబెట్టి, ఏ ఏడు ఎంత జీతం మాట్లాడారో, ఎంత ముట్టిందో నోటిలెక్క తేల్చండి. ఇంటి ఆడవాళ్లకు ఇలాంటివి నోటు కన్నా బాగా గుర్తుంటాయి. తేలింది ఇద్దరన్నదమ్ములూ చెరిసగం ఇవ్వండి. పెత్రమాసనాడు బియ్యమిచ్చేది మీరు, ఆ రోజు నాయినకు ఇష్టమైన కూర వండించి నలుగురికీ వడ్డించేది మీ తమ్ముడు. ఎవరూ ఎవరికీ తల వంచనక్కరలేదు. భూమి పంపకానికి దైవభయంతో పని లేదు. కొలిపించి, కాగితం రాసుకుని, రిజిస్ట్రేషన్ చేయించుకోండి. మిమ్మల్ని నమ్మొచ్చా అని మీ తమ్ముడు నాకు ఉత్తరం రాస్తే ఏం జవాబివ్వాలా అని ఆలోచిస్తున్నాను.

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. అబద్ధమాడితే కళ్లు పోతాయంటే ఒకప్పుడు భయపడేవాడు. ఇప్పుడు 'నిన్న ఆడిన, పోలేదు కదా' అంటున్నాడు. భక్తి లేకుండా పోతోందేమోనని భయంగా ఉంది.
— సింగరేణి ఉద్యోగి, భూపాలపల్లి

జవాబు: పోయింది భక్తి కాదు, మీ బెదిరింపు. ప్రయోగం చేసి మరీ తేల్చుకున్నాడు, తెలివైనవాడు. గనిలో దిగినవారు మీరు. పైకప్పుకు సపోర్టు ఓవర్‌మన్ చూస్తున్నప్పుడే గట్టిగా పెట్టేవాడితో మీరు షిఫ్ట్ చేస్తారా? చూసేవాడు లేకపోయినా గట్టిగా పెట్టేవాడు కావాలి, ఎందుకంటే కింద మనుషులున్నారు. మీవాడికి ఆ 'కింద ఉన్న మనుషుల్ని' చూపించండి. అతని అబద్ధం వల్ల ఎవరు తిట్లు తిన్నారో వాళ్ల దగ్గరికి తీసుకెళ్లి నిలబెట్టండి. గుడికి వెళ్లడం మానక్కరలేదు. కళ్ల బెదిరింపు మాత్రం మానేయండి.

ప్రశ్న: భద్రాచలం గుడికి ప్రభుత్వ పన్ను సొమ్ము వాడిన రామదాసు చేసింది తప్పా, ఒప్పా? మా ఇంట్లో పెద్ద గొడవ.
— నేలకొండపల్లి దగ్గర నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ ఊరి మనిషి కాబట్టి ఒప్పంటారు, నేను ఆడిట్ మనిషిని కాబట్టి తప్పంటాను. కానీ ఆయన గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు గడిపాడంటారు. దేవుడి పేరుతో జనం సొమ్ము వాడే ఇప్పటివాళ్లకు ఆ రెండో సగం గుర్తు చేయండి.